కడుపు ఎందుకు నిలవలేదో ఆమెకు చెప్పండి: వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకురాలిని. ద్వితీయ సంవత్సరంలో మానవ ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద బ్లాస్టోసిస్ట్ (గర్భాశయానికి అంటుకోబోయే తొలిదశ పిండం) బొమ్మ గీసి, బయటి వరస కణాలను ట్రోఫోబ్లాస్ట్ అంటారని, మాయ వాటి నుంచే ఏర్పడుతుందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయేదాన్ని. ఆ ఒక్క వాక్యంలో ఎంత ఉందో, రెండేళ్లలో రెండుసార్లు మూడో నెల నిండకుండానే గర్భం పోయిన తర్వాత గాని నాకు తెలియలేదు. జీవశాస్త్రం చదివి, దాన్ని పదిమందికి చెప్పి బతికే నా పరిస్థితే ఇలా ఉంటే, బడి ముఖం చూడని ఒక వ్యవసాయ కూలీకి గర్భస్రావం జరిగినప్పుడు ఆమె చేతిలో ఏమి మిగులుతుందో తలచుకుని ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిసారి తొమ్మిదో వారంలో స్కాన్‌కు వెళ్లాను. చూస్తున్న డాక్టరు గారు కొంతసేపు మాట్లాడలేదు, తర్వాత తెరను తన వైపుకు తిప్పుకుని "హార్ట్ బీట్ రాలేదమ్మా, లోపల పెరగలేదు" అన్నారు. మర్నాడు డి అండ్ సి (గర్భసంచిని శుభ్రం చేసే చిన్న శస్త్రచికిత్స) చేశారు. నన్ను బల్ల మీద నుంచి దించుతున్నప్పుడు, స్టీలు ట్రేలో గాజుగుడ్డ కింద ఉన్నదాన్ని ఆయా పసుపు రంగు సంచిలో వేసి మూతి కట్టడం నా కంటపడింది. డిశ్చార్జి చీటీలో కారణం అనే గడి లేదు. ఇంటికి వచ్చాక మా అత్తగారు మంచం పక్కన కూర్చుని, బొప్పాయి గాని నువ్వులుండ గాని తిన్నావా, కాలేజీకి గతుకుల రోడ్డు మీద బస్సులో నిలబడి వెళ్లావా, ఒంట్లో వేడి చేసిందేమో అని ఒక్కొక్కటీ అడిగారు. ఆమె అడిగినది ప్రేమతోనే. ఆమెకు కూడా ఐదారు దశాబ్దాలుగా ఎవరూ వేరే కారణం చెప్పలేదు కాబట్టి తెలిసిన కారణాలనే వెతికారు. నేను మాత్రం ఆ ప్రశ్నలన్నిటికీ రాత్రిళ్లు నాలో నేనే జవాబులు చెప్పుకుంటూ, ఎక్కిన మెట్లూ ఎత్తిన బిందెలూ లెక్క వేసుకుంటూ మూడు నెలలు గడిపాను.

అయ్యా, అమ్మా, గర్భం పోయిన స్త్రీకి అది ఎందుకు పోయి ఉంటుందో చెప్పడం చికిత్సలో భాగమని, దయ ఉంటే చెప్పి తీరిక లేకుంటే వదిలేసే విషయం కాదని మీ శాఖలు అధికారికంగా గుర్తించాలి. నేను కోరేది ఇదొక్కటే. ఆ చెప్పవలసినది ఏమిటో నాకు చేతనైనంత వరకు ఇక్కడ వివరిస్తాను.

మాయ తల్లి శరీర భాగమని మనలో చాలామంది అనుకుంటాం. దానిలో అత్యధిక భాగం బిడ్డది. ఫలదీకరణ జరిగిన ఐదారు రోజులకు పిండం ఒక బోలు బంతిలా మారినప్పుడు, లోపలి కణాల గుంపు బిడ్డగానూ బయటి ట్రోఫోబ్లాస్ట్ వరస మాయగానూ పని పంచుకుంటాయి. రెండూ ఒకే గుడ్డు, ఒకే శుక్రకణం నుంచి వచ్చినవి కాబట్టి మాయలోని జన్యువుల్లో సగం తండ్రివి. 1984లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలలో తండ్రి జన్యువులు మాత్రమే ఉన్న పిండాలలో మాయ కణజాలం బాగా పెరిగి పిండం కుంటుపడిందని, తల్లి జన్యువులు మాత్రమే ఉన్నవాటిలో దాదాపు దీనికి ఎదురు జరిగిందని తేలింది. మన ఊళ్లలో ముత్యాల గర్భం (వైద్యుల మాటలో మోలార్ ప్రెగ్నెన్సీ) అనే పరిస్థితి మనుషుల్లో దీనికి నిదర్శనం. పూర్తి ముత్యాల గర్భంలో జన్యువులన్నీ తండ్రి వైపువే, అందులో బిడ్డ ఉండదు, మాయ కణాలే ద్రాక్షగుత్తుల్లా ఉబ్బి పెరుగుతాయి. గర్భం నిలవనప్పుడు ఊరంతా ఆడపిల్ల నడకనూ తిండినీ తప్పుపట్టి మగవాణ్ణి ఒక్క మాటైనా అడగకపోవడం అన్యాయమని మనకు తెలుసు. అది జీవశాస్త్రానికి కూడా పొసగదని ఈ సంగతి తెలిసినవారు చెప్పాలి కదా.

ఈ ట్రోఫోబ్లాస్ట్ కణాలు మొదటి పన్నెండు వారాల్లో చేసే పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మొదట అవి గర్భాశయపు లోపొరకు అంటుకుని దానిలోకి చొచ్చుకుపోవాలి. అమెరికాలో 221 మంది స్త్రీల మూత్రాన్ని రోజూ సేకరించి పరీక్షించిన పరిశోధకులు 1999లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నిలిచిన గర్భాలలో ఎక్కువ భాగం అండం విడుదలైన 8వ రోజుకూ 10వ రోజుకూ మధ్య అంటుకున్నవే. 9వ రోజు లోపు అంటుకున్నవాటిలో 13 శాతం తొలిరోజుల్లోనే పోగా, 11వ రోజున అంటుకున్నవాటిలో 52 శాతం, ఆ తర్వాత అంటుకున్నవాటిలో 82 శాతం పోయాయి. నెల తప్పిందో లేదో ఆమెకే ఇంకా తెలియని రోజుల సంగతి ఇది. ఆమె ఏ బస్సెక్కిందో, ఏ పండు తిన్నదో అప్పటికి ఎవరికీ పట్టదు.

అంటుకున్న కణాల్లో కొన్ని గోడలు కరిగించుకుని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, లక్షల కేంద్రకాలున్న ఒకే పొరగా మారతాయి. ఈ కలయికకు అవసరమైన సిన్సిటిన్ అనే ప్రోటీన్, కోట్ల సంవత్సరాల కిందట మన పూర్వీకుల జన్యువుల్లో చేరి నిలిచిపోయిన ఒక వైరస్ నుంచి వచ్చిందని 2000లో కనుగొన్నారు. ప్రెగ్నెన్సీ కిట్ మీద రెండో గీత తెప్పించే హెచ్‌సీజీ హార్మోను తయారయ్యేది ఈ పొరలోనే. ఆ హార్మోను అందినంత కాలం అండాశయం ప్రొజెస్టెరాన్‌ను స్రవిస్తూ గర్భాశయాన్ని నిలకడగా ఉంచుతుంది, ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య ఆ బాధ్యతను మాయ తానే తీసుకుంటుంది. హెచ్‌సీజీ పెరగవలసిన తీరులో పెరగకపోతే, చాలాసార్లు ఆ పొర అప్పటికే దెబ్బతిన్నదని అర్థం. హార్మోను తగ్గడం వల్ల గర్భం పోయిందని మనం అనుకుంటాం గాని, ఎక్కువ సందర్భాల్లో గర్భం పోతున్నందువల్లే హార్మోను తగ్గుతుంది.

మరికొన్ని కణాలు ఇంకా లోపలికి వెళ్లి, గర్భాశయానికి రక్తం తెచ్చే మెలికల ధమనుల నోళ్లను చేరుకుంటాయి. అక్కడ అవి రక్తాన్ని లోపలికి రానివ్వకుండా మొదటి పది పన్నెండు వారాలు ఆ నోళ్లను మూసి ఉంచుతాయి. బిడ్డకు తొలినుంచీ తల్లి రక్తం పుష్కలంగా అందుతుందని నేనూ చాలాకాలం తరగతిలో చెప్పాను. అది పొరపాటు. ఆ వారాల్లో పిండానికి గర్భాశయ గ్రంథుల స్రావాలే ఆహారం. ఆక్సిజన్ కూడా తక్కువే, 8వ వారంలో పాదరసం కొలతలో 20 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉండి, 12వ వారం దాటేసరికి దాదాపు మూడింతలవుతుంది. లేత మాయకు ఆక్సిజన్ ధాటిని తట్టుకునే ఎంజైములు అప్పటికి చాలవు కనుక ఆ తక్కువ ఆక్సిజనే దానికి రక్ష. మా కృష్ణా డెల్టాలో నారుమడికి నీళ్లు పెట్టే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. నారు వేళ్లూనుకోకముందే తూము ఎత్తేస్తే, నీళ్లు కావలసిన నారే ఆ నీళ్లకు కొట్టుకుపోతుంది.

గర్భస్రావాలలో ఎక్కువగా జరిగేది ఇదే. తొలి త్రైమాసికంలో ఆగిపోయిన గర్భాల్లో దాదాపు మూడింట రెండొంతుల వాటిలో ట్రోఫోబ్లాస్ట్ కవచం పలుచగా, ముక్కలు ముక్కలుగా ఉండటం, ధమనుల మూత సరిగ్గా పడకపోవడం పరిశోధకులు గమనించారు. అప్పుడు తల్లి రక్తం రావలసిన సమయానికి ముందే, అన్ని వైపుల నుంచీ మాయలోకి దూసుకొస్తుంది, లేత కణాలు ఆక్సిజన్ ఒత్తిడికి చితికిపోతాయి, మాయ గర్భాశయ గోడ నుంచి విడిపోతుంది. కవచం అలా పలుచబడటానికి ఎక్కువసార్లు మూలం ఇంకా వెనక ఉంటుంది. తొలి త్రైమాసికంలో పోయిన గర్భాల్లో సుమారు సగం వాటిలో క్రోమోజోముల సంఖ్యలో తేడా ఉంటుంది, అది చాలావరకు గుడ్డు తయారయ్యేటప్పటి కణ విభజనలో యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు. వయసుతో పాటు ఆ పొరపాట్లు పెరుగుతాయి. నార్వే దేశపు రికార్డులతో 2019లో చేసిన అధ్యయనంలో గర్భస్రావం ముప్పు 25 నుంచి 29 ఏళ్ల మధ్య అతి తక్కువగా 10 శాతం ఉండగా, 45 ఏళ్లు దాటినవారిలో 53 శాతానికి చేరింది. మేనరికం చేసుకున్నందుకే కడుపు నిలవలేదని మన దగ్గర తేల్చేస్తారు. మేనరికంతో కొన్ని జన్యువ్యాధుల అవకాశం పెరుగుతుందన్నది నిజమే అయినా, ఒక క్రోమోజోము ఎక్కువై గర్భం ఆగిపోవడం వేరే సంగతి, అది ఏ బంధుత్వమూ లేని దంపతులకూ అలాగే జరుగుతుంది.

తల్లి వైపు నుంచి వచ్చే కారణాలు లేవని నేను అనడం లేదు. యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహాలు (సొంత శరీరం మీదికే తిరిగే ఒక రకం రక్షక ప్రోటీన్లు) ఉన్న స్త్రీలలో అవి నేరుగా ట్రోఫోబ్లాస్ట్ కణాలకే అంటుకుని వాటి పనిని దెబ్బతీస్తాయి. వారికి ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు 42 శాతం మందికి, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ కూడా కలిపి ఇచ్చినప్పుడు 71 శాతం మందికి సజీవ శిశువులు పుట్టారని 1997లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కారణం వెతికితే ఫలితం ఉంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. కానీ ఆ రక్తపరీక్షను 12 వారాల ఎడంతో రెండుసార్లు చేసి నిర్ధారించుకోవాలి. థైరాయిడ్, మధుమేహం, గర్భాశయం ఆకారం చూడటం ఎలాగూ అవసరమే. వీటిని వదిలేసి, నేచురల్ కిల్లర్ (సహజ హంతక) కణాలనే రోగనిరోధక కణాలను, పేరులో హంతక అని ఉన్నందుకు, రక్తంలో లెక్కపెట్టి రోగనిరోధక శక్తిని అణచే ఖరీదైన ఇంజెక్షన్లు ఎక్కించడాన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలు సమర్థించడం లేదు. గర్భాశయపు లోపొరలో ఉండే ఆ కణాలు నిజానికి ట్రోఫోబ్లాస్ట్‌కు దారి చూపే సహాయకులు.

హార్మోను మందుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నెల తప్పిన ప్రతి స్త్రీకీ కడుపు నిలవడానికి అంటూ వారం వారం ఇంజెక్షన్లు, రోజూ మాత్రలు రాయడం మన పట్టణాల్లో ఆనవాయితీగా మారింది. బ్రిటన్‌లోని 48 ఆసుపత్రుల్లో, తొలి వారాల్లో రక్తస్రావం కనిపించిన 4,153 మంది స్త్రీలతో జరిగి 2019లో వెలువడిన పరీక్షలో, ప్రొజెస్టెరాన్ వాడినవారిలో 75 శాతం మందికీ వాడనివారిలో 72 శాతం మందికీ కాన్పు అయింది. మొత్తం మీద ఆ తేడాను మందు ప్రభావమని చెప్పలేకపోయారు. అయితే రక్తస్రావంతో పాటు అంతకుముందు మూడు లేదా అంతకంటే ఎక్కువ గర్భాలు పోయిన స్త్రీలలో ఆ అంకెలు 72, 57గా ఉన్నాయి. అంటే ఈ మందు కొందరికి నిజంగా అవసరం, అందరికీ కాదు. గత చరిత్ర అడిగి, కారణం చూసి ఇవ్వవలసిన దాన్ని అందరికీ పంచుతున్నాం, కారణం చెప్పడం మాత్రం మానేశాం.

రెండోసారి నన్ను చూసిన డాక్టరమ్మ పద్ధతి వేరు. శస్త్రచికిత్సకు ముందే ఆమె నా భర్తను పిలిచి రెండు చిన్న సీసాలు చూపించారు, ఒకటి ఫార్మలిన్‌ది, రెండోది సెలైన్‌ది. మాయ ముక్కను మైక్రోస్కోపు కింద చూడటానికి ఫార్మలిన్‌లో వేయవచ్చు గాని, క్రోమోజోముల కోసం కణాలను పెంచవలసి వస్తే అవి ఫార్మలిన్‌లో చచ్చిపోతాయి కనుక సెలైన్‌లోనే పంపాలని చెప్పారు. ఆయన ఆ సీసాను చేతిరుమాలులో చుట్టుకుని స్వయంగా ల్యాబుకు తీసుకువెళ్లారు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది, 16వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉన్నాయి. ఒక క్రోమోజోము ఎక్కువయ్యే తేడాల్లో తొలి గర్భస్రావాలలో అతి తరచుగా కనిపించేది అదేనట. డాక్టరమ్మ మందుల చీటీ వెనక పెన్నుతో గుండ్రంగా గీసి, ఇది గుడ్డు, ఇక్కడ విడిపోవలసిన జత విడిపోలేదు, అందువల్ల మాయ తన పని చేయలేకపోయింది, ఇందులో నువ్వు చేసిందీ చేయనిదీ ఏమీ లేదు అని చెప్పారు. అంతా కలిపి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ చీటీని తీసుకువెళ్లి మా అత్తగారికి చూపించాను. ఆమె చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని, పెళ్లైన మూడో ఏట తనకూ ఒక కడుపు పోయిందని, అప్పుడు తన అత్తగారు ఆరు నెలలు తనతో మాట్లాడలేదని మొదటిసారి బయటపెట్టారు. నాకు మొదటిసారి ఏం జరిగిందో మాత్రం ఇక ఎప్పటికీ తెలియదు. అది పసుపు సంచిలో వెళ్లిపోయింది.

ఈ పది నిమిషాలు నాకు అదృష్టం కొద్దీ దొరికాయి. మీ వ్యవస్థలో అది ప్రతి స్త్రీకీ హక్కుగా దొరకాలి. ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ పరీక్షలు 2016 నుంచి ఎందరికో మేలు చేశాయి, కానీ అవి రెండో, మూడో త్రైమాసికంలో ఉన్నవారి కోసం ఉద్దేశించినవి. మాయ వేళ్లూనుకుని నిలదొక్కుకోవలసింది అంతకుముందే. 12 వారాల లోపు నమోదు చేయించమని ఆశా కార్యకర్తలను మీరు ఎప్పటినుంచో ప్రోత్సహిస్తున్నారు. ఆ నమోదైన గర్భం పదో వారంలో పోతే ఆ స్త్రీ ఇంటికి మళ్లీ ఎవరు వెళ్లాలి, వెళ్లి ఏమి చెప్పాలి, ఏమి అడగాలి అనేది కూడా అంతే స్పష్టంగా రాసి ఉంచండి. గుర్తించిన గర్భాల్లో సుమారు 15 శాతం ఇలా ముగుస్తాయని, ప్రపంచం మొత్తం మీద ఏటా 2 కోట్ల 30 లక్షల గర్భస్రావాలు జరుగుతున్నాయని 2021లో లాన్సెట్ వైద్య పత్రిక అంచనాలు ప్రచురించింది. ఇంతమందికి జరిగేదాన్ని కేసు షీటులో అబార్షన్‌కు గుర్తుగా ఒక అక్షరం, ఎన్నిసార్లో పక్కన ఒక అంకె వేసి వదిలేయకూడదు.

ఆసుపత్రిలో తీసిన మాయ కణజాలాన్ని కనీసం మైక్రోస్కోపు పరీక్షకు పంపడం జిల్లా ఆసుపత్రుల స్థాయిలో తప్పనిసరి చేయండి. స్కాన్‌లో పట్టుబడని ముత్యాల గర్భం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. పూర్తి ముత్యాల గర్భం వచ్చినవారిలో సుమారు 15 శాతం మందికి ఆ కణాలు తర్వాత కూడా పెరుగుతూ పోయి కీమోథెరపీ అవసరం కావచ్చు, హెచ్‌సీజీని క్రమం తప్పకుండా చూస్తే దాన్ని తొలిదశలోనే పట్టుకుని దాదాపు పూర్తిగా నయం చేయగలరు. పారేసిన ట్రేలో ఒక ప్రాణాన్ని కాపాడే సమాచారం ఉండవచ్చునని దీని అర్థం. రెండు గర్భాలు పోయినవారికి యాంటీఫాస్ఫోలిపిడ్, థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా చేయించండి, క్రోమోజోముల పరీక్షకు హైదరాబాద్‌లోని ప్రభుత్వ జన్యు సంస్థలతో ఒప్పందం చేసుకోండి. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ (నెగటివ్ గ్రూపు) అయితే, తర్వాతి గర్భానికి హాని కలగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అన్నది చూడకుండా ఎవరినీ ఇంటికి పంపవద్దు.

పరిశోధన గురించి కూడా అడుగుతున్నాను. మనిషి ట్రోఫోబ్లాస్ట్ మూలకణాలను ప్రయోగశాలలో నిలకడగా పెంచడం 2018లో గాని సాధ్యం కాలేదు, జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయం వారు దాన్ని సాధించారు, అదే సంవత్సరం కేంబ్రిడ్జి పరిశోధకులు మాయ కణాలతో సూక్ష్మ నమూనాలను పెంచి చూపారు. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వంటి సంస్థ ఉన్న హైదరాబాద్‌కు, ఏటా లక్షల గర్భాలను చూసే మన ఆసుపత్రులకు మధ్య, స్త్రీల రాతపూర్వక సమ్మతితో ఒక దారి వేయడం మీ చేతుల్లో ఉన్న పని. ఇదే కణాలు ధమనులను సరిగ్గా వెడల్పు చేయకపోతే అవే నెలలు నిండేవేళకు బీపీగా, గుర్రపు వాతంగా (బీపీ పెరిగి వచ్చే ఫిట్స్), బరువు తక్కువ బిడ్డగా మన ముందుకు వస్తాయి కనుక, మాతృ మరణాలు తగ్గించాలన్న మీ లక్ష్యానికి కూడా ఈ తొలి వారాల అధ్యయనం పనికివస్తుంది.

సెలవు సంగతి చాలామందికి తెలియదు. గర్భస్రావం జరిగిన ఉద్యోగినికి ఆరు వారాల వేతన సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే రాశారు. నాకు ఆ విషయం రెండోసారి తర్వాత, మా స్టాఫ్ రూములో ఒక సహోద్యోగిని చెబితే తెలిసింది. మొదటిసారి నాలుగో రోజునే తరగతికి వెళ్లి నిలబడ్డాను. డిశ్చార్జి చీటీ వెనక ఈ ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ఖర్చేమీ కాదు.

ఆ చీటీతో పాటు ఇవ్వవలసిన ఒక పుట కాగితాన్ని తెలుగులో తయారు చేయించండి. మాయ అంటే ఏమిటి, అది ఎందుకు ఆగిపోతుంది, తిండీ ప్రయాణమూ దీనికి ఎందుకు కారణాలు కావు, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించవచ్చు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అన్నవి అందులో ఉండాలి. చదవలేని వారికి ఏఎన్ఎం కూర్చుని చదివి వినిపించాలి, వీలైతే భర్తా అత్తగారూ కూడా వినేలా. ఆ పుటను రాసే పని మా వంటి అధ్యాపకులకు అప్పగిస్తే, ప్రసూతి వైద్యులు సరిచూసే షరతు మీద, ఈ వేసవి సెలవుల్లోనే ఉచితంగా రాసి ఇస్తాము. బొమ్మలు నేనే గీస్తాను.

భవదీయురాలు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
కృష్ణా జిల్లా